సముద్రం చూడాలని

బాపూ,
ఉధ్నాలో అన్న, వదిన, నేను క్షేమం. ఫోన్‌లో అడగడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. దీపావళి సెలవుల్లో మా బడిలో నాతోటి టీచర్లు అండమాన్ వెళ్తున్నారు, నన్నూ రమ్మంటున్నారు. అక్కడి నీళ్లలో అడుగున పగడాలు కనిపిస్తాయని చదివినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది.

“సముద్రమే గదా, గీడ లేదా?” అని వినోద వదిన ఆదివారం నన్ను సువాలీ బీచ్‌కు తీసుకెళ్లింది. అప్పుడు ఆటు. నీళ్లు ఎక్కడికో వెనక్కి పోయి, చూసినంత మేరా నల్లటి బురదే ఉంది. “గింత దూరమొస్తే సముద్రం ఇంట్ల లేదేందే!” అని వదిన నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అది చూసి, “బాపుకు రాయి, పోయిరా” అంది.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లికి నా ఆశీస్సులు. ఇంటి మనిషిని ఒకరిని తోడు తెచ్చుకోవచ్చట. అమ్మను పంపు, బాపూ. తను ఇంతవరకు సముద్రమే చూడలేదు. అన్ని నీళ్లను నేనొక్కదాన్నే చూసి రాలేను.

నీ జమున