నలభై రెండడుగుల వాలు

గుడ్లవల్లేరు, హాస్టలు
ఆదివారం

పెదనాన్నగారికి, మూడో అంతస్తు కిటికీ పక్కన కూర్చుని తనూజ నమస్కరించి రాస్తున్నది.

మీకు ఫోన్లో మాటలు సరిగ్గా వినపడవు కాబట్టి ఉత్తరం. నిజానికి వినపడినా ఉత్తరమే రాసేదాన్నేమో. కాగితం మీద మాట కాసేపు నిలబడుతుంది.

విషయం ఏమిటంటే, నాగాయలంకలో మనింటిని కొంచెం మార్చాలి. సివిల్ మూడో సంవత్సరంలో మాకొక పాఠం ఉంది. పాకే పిల్ల నుంచి కర్ర పట్టిన ముసలివాళ్ళ దాకా, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళతో సహా, ఎవరూ ఎవరినీ బతిమాలకుండా తిరగగలిగే ఇల్లు. ఆ పాఠం విన్న రోజు నుంచి మనిల్లే కళ్ళలో మెదులుతోంది. ఉప్పెన తరవాత తాతయ్య నేలకి మూడున్నర అడుగులు పైకెత్తి కట్టించారు. ఏడు మెట్లు. సముద్రం ఎక్కలేదు, నిజమే. మనుషులూ ఎక్కలేరు.

మెట్ల పక్కన ఒక వాలు కట్టాలి. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు చొప్పున నలభై రెండడుగులు. వాకిలి చాలదు కాబట్టి ఇంటి పక్కగా మలుపు తిప్పాను. వాలు అన్న మాట ఎంత మెత్తగా ఉందో చూడండి. పిట్ట వాలుతుంది, పొద్దు వాలుతుంది. మనిషి కూడా అలా మెల్లగా ఇంటి మీద వాలాలి. తలుపులు వెడల్పు చేయించాలి, స్నానాలగదిలో పట్టుకోడానికి కడ్డీలు పెట్టించాలి. బొమ్మ గీసి జతచేశాను.

ఎవరి కోసమని మాత్రం అడగకండి. ఒకరికి మాటిచ్చాను.

మీ తనూజ

తా.క. పోయిన నెల బందరులో మీరు చేయించుకున్న రక్తపరీక్షల కాగితాలు బిందు వదిన దగ్గరున్నాయి. వాటి గురించి మీరేమీ ఆలోచించొద్దు.


నాగాయలంక
గురువారం

చిరంజీవి తనూజకి, ఇక్కడ అందరం బాగున్నామని అనుకుంటూ పెదనాన్న రాస్తున్నది.

నీ ఉత్తరం అమ్మాజీ తెచ్చి ఇచ్చింది. పోస్టు బట్వాడా చేసేది ఆవిడే కదా, బొమ్మ కూడా చూసింది. "ఏంటండీ, ఇంట్లోకి ట్రాక్టరు తోలతారా?" అంది. నాకూ అదే అనుమానం.

నాకు అరవై మూడు నిండాయి. రోజూ చెరువుగట్టు మీద రెండు మైళ్ళు నడుస్తాను. మీ పెద్దమ్మ కోటేశ్వరమ్మ మెట్ల మీద బిందెతో నాకన్నా వేగం. ఇంట్లో పాకే పిల్లలు లేరు. మరి ఈ కడ్డీలు ఎవరు పట్టుకోడానికి?

అక్కయ్య వస్తుందంటే అదో దారి. బందరులో కూతురు బిందు దగ్గరుంటున్న మీ వెంకాయమ్మ అత్తయ్య తుంటి ఎముక విరిగి చక్రాల కుర్చీలో కూర్చున్నాక ఒక్కసారే వచ్చింది. ఐదేళ్ళయింది. ఎప్పుడు పిలిచినా మీ ఊరి నీళ్ళు పడవురా అంటుంది. ఆ నీళ్ళు తాగే కదా పద్దెనిమిదేళ్ళు పెరిగింది? నా మీదేదో మనసులో పెట్టుకుంది. అడగడానికి నాకు నోరు రావడం లేదు.

ఆశీర్వచనాలతో
గోవర్ధనరావు

తా.క. రక్తపరీక్షల గురించి ఆలోచించొద్దన్నావు. ఆ మాట చదివేదాకా నేను ఆలోచించలేదు.


గుడ్లవల్లేరు
సోమవారం

పెదనాన్నగారికి, నిన్న కలలో మనింటిని చూసిన తనూజ నమస్కారం.

కలలో వాలు పూర్తయింది. కృష్ణ మీద నుంచి గాలి దాని వెంట మెల్లగా పైకి వస్తోంది, చెప్పులు విడిచిన మనిషిలా. వాలు మలుపులో ఎవరో కూర్చుని నవ్వుతున్నారు. ముఖం కనపడలేదు కానీ ఆ నవ్వు నాకు తెలుసు. లేచేసరికి టిఫిన్ బెల్లు కొట్టేశారు.

దయచేసి ఎందుకని అడగకుండా పని మొదలుపెట్టించండి. ఆలస్యం చేసే కొద్దీ నాకు భయంగా ఉంది. మీరు మాత్రం మనసుని ప్రశాంతంగా ఉంచుకోండి. మీకు ఇష్టమైనవి తినండి. సాయంత్రాలు పెద్దమ్మ పక్కన కూర్చోండి.

మీ తనూజ

తా.క. పెద్దమ్మకి కూడా విడిగా రాశాను. ఆ ఉత్తరం మీరు చదవొద్దు.


నాగాయలంక
శనివారం

బంగారుతల్లి తనూజకి, అంతా అర్థమైన పెదనాన్న.

ఇంక దాచక్కర్లేదమ్మా. మన ఇళ్ళలో జబ్బు సంగతి రోగికి తప్ప ఊరందరికీ చెబుతారు. మా నాన్నకి మేమూ అలాగే చేశాం. గ్యాస్ అని చెప్పాం. ఆయన ఆర్నెల్లు వాము నమిలాడు. ఇప్పుడు నా వంతు వచ్చింది, తప్పేముంది?

సాక్ష్యాలన్నీ దొరికాయి. మీ పెద్దమ్మ నీ ఉత్తరం చదివి బియ్యం డబ్బాలో దాచింది. ఆ రోజు నుంచి ఉలవచారులో మీగడ రెండు గరిటెలు వేస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో నేను అడిగినా ఒక గరిటె దాటలేదు. ఇంతకన్నా డాక్టరు ఏం చెప్పాలి?

నాకు దిగులేమీ లేదు. పొద్దుటి పూట మంచులో కాలవ, అవతలి గట్టు మీద కొంగలు, అన్నీ కొత్తగా కనిపిస్తున్నాయి. ఇన్నాళ్ళూ వాటిని చూడకుండా రొయ్యల రేటు చూశాను. మేస్త్రీ నాంచారయ్యని పిలిచి పని అప్పజెప్పాను. "ఎన్నాళ్ళలో అవుతుంది?" అన్నాను. "తొందరేముందండీ," అన్నాడు. "నాకుందయ్యా," అన్నాను. పాపం, పగలూ రాత్రీ చేసి నలభై రెండడుగులూ పోసేశాడు. గోనెసంచులు కప్పి తడుపుతున్నాం.

అక్కయ్యకి కూడా రాశాను. "నా మీద కోపం ఏమైనా ఉంటే నా తరవాత తీర్చుకోవడం కుదరదు, ఒకసారి వచ్చి చూసిపో" అని.

గోవర్ధనరావు

తా.క. నా సైకిల్ అమ్మాజీకి ఇచ్చేశాను. ఈ ఉత్తరం దాని మీదే బయలుదేరుతోంది.


గుడ్లవల్లేరు
మంగళవారం, స్పీడ్ పోస్టు

పెదనాన్నగారికి, తల పట్టుకు కూర్చున్న తనూజ.

మీకేమీ జబ్బు లేదు. ఇప్పుడే బిందు వదినకి ఫోన్ చేసి అడిగాను. కాగితాలు ఫ్రిజ్ మీద పెట్టి మీకు చెప్పడం మర్చిపోయిందట. అన్నీ సరిగ్గా ఉన్నాయట. సైకిల్ వెనక్కి తీసుకోండి.

మాట తప్పుతున్నాను. ఇదంతా అత్తయ్య కోసం. ఐదేళ్ళ క్రితం వచ్చినప్పుడు మీరు ప్రేమగా నలుగురు మనుషుల్ని పిలిచి కుర్చీతో సహా ఆవిడని ఏడు మెట్లూ ఎక్కించారు. అందరూ "హైలెస్సా" అన్నారు. మీరూ అన్నారు. చీర పక్కకి తొలిగింది, సర్దుకుందామంటే చేతులు కుర్చీని పట్టుకుని ఉన్నాయి. "ధాన్యం బస్తాకి కూడా సిగ్గుంటే అలాగే ఉంటుందే," అని నాతో చెప్పింది. మీ మీద కోపం లేదు. నీళ్ళ మీదా లేదు. మీరు బాధపడతారని చెప్పొద్దంది. అందుకే వాలు ముందు కట్టించి, తరవాత తీసుకురావాలనుకున్నాను. ఆలస్యమంటే భయమన్నది ఆవిడ వయసు తలుచుకునే. పెద్దమ్మకి రాసింది ఇదే. ఆ మీగడ సంతోషంతో వేసిన మీగడ.

క్షమించమని అడిగే
తనూజ

తా.క. మీరు రాసిన ఉత్తరం అత్తయ్యకి చేరకముందే ఏదైనా చేయండి.


నాగాయలంక
శనివారం

తనూజమ్మకి, జబ్బేమీ లేదని తేలిన పెదనాన్న ఆశీస్సులు.

నీ స్పీడ్ పోస్టు నిన్న మధ్యాహ్నం వచ్చింది. అక్కయ్య అంతకుముందే, పొద్దున్నే వచ్చేసింది.

బిందు కారు నడుపుకుంటూ తెచ్చింది. నాంచారయ్య మనుషులు అలవాటు కొద్దీ కుర్చీ ఎత్తడానికి వచ్చారు. "ఎవరైనా చెయ్యి వేశారంటే విరుగుతుంది," అంది. తడి గోనెల మీదుగా, తన చేతులతో తనే చక్రాలు తోసుకుంటూ బయలుదేరింది. మలుపు దగ్గర ఆగి ఆయాసం తీర్చుకుంది. నేను అరుగు మీద పుల్లట్టు తింటున్నాను.

"ఏరా, బానే ఉన్నావుగా?" అంది.

"ఏమో అక్కయ్యా, నాకెవరూ ఏమీ చెప్పడం లేదు," అన్నాను.

అప్పుడు బిందు నాలిక్కరుచుకుని, పరీక్షల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పింది. అక్కయ్య చాలాసేపు నన్ను తిట్టింది. అంత హాయైన తిట్లు నేనెప్పుడూ వినలేదు.

ఇంతలో ఒక సంగతి తేలింది. నీ బొమ్మలో తలుపు ఉంది, వెడల్పు ఉంది, గడప లేదు. నువ్వు గియ్యలేదు, నాంచారయ్య తియ్యలేదు. నలభై రెండడుగులు ఎక్కిన మనిషి నాలుగంగుళాల దగ్గర ఆగిపోయింది. పైగా శుక్రవారం. గడపకి అప్పుడే పసుపు రాసి ముగ్గు పెట్టి ఉంది. శుక్రవారం పూట గడప పీకితే లక్ష్మి వెళ్ళిపోతుందని నాంచారయ్య గునపం కింద పెట్టేశాడు. నేనూ తల గోక్కున్నాను. అక్కయ్య "పర్లేదురా, ఇక్కడే కూర్చుంటాను," అని అరుగు మీదే ఉండిపోయింది. మంచం, ఫ్యాను, పొయ్యి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. పొద్దెక్కేసరికి మనిల్లు మొత్తం అరుగు మీద కాపురం పెట్టింది. లోపల ఎవరూ లేరు. గాలి ఒక్కటే తిరుగుతోంది. నువ్వు చెప్పినట్టే మెల్లగా.

నీ ఉత్తరం అప్పుడొచ్చింది. నేను చదివాను. చదివి, అక్కయ్య వంక చూడలేకపోయాను. "హైలెస్సా అన్నానా అక్కయ్యా?" అన్నాను. "అందరికన్నా గట్టిగా," అంది.

మీ పెద్దమ్మ లేచింది. కొంగు బిగించి గడపకి దణ్ణం పెట్టుకుంది. గునపం తనే తీసుకుంది.

"శుక్రవారమమ్మా, లక్ష్మీదేవి..." అన్నాడు నాంచారయ్య.

"ఆవిడకి కాళ్ళున్నాయి. ఎప్పుడైనా వస్తుంది. ముందు మా వదిన్ని రానివ్వు," అంది.

ఆశీస్సులతో
గోవర్ధనరావు

తా.క. తలుపు కింద ఇప్పుడు నాలుగంగుళాల ఖాళీ ఉంది. పక్కింటి కోడిపెట్ట దర్జాగా లోపలికి వచ్చి అక్కయ్య మంచం కింద గుడ్డు పెట్టింది. దీనికి మీ పాఠంలో ఏం చెప్పారో చూసి రాయి.