నా పాస్‌పోర్టు నా దగ్గరే

వేంపల్లె,
ఆదివారం.

ప్రియమైన అమ్మకు,

ముబీనా సలాములు. అవ్వ మోకాళ్ల నొప్పులు తప్పితే ఇక్కడ మేమిద్దరం అల్లా దయవల్ల క్షేమం. నువ్వు ఫోన్లో "బాగుండా" అంటే మాత్రం నేను నమ్మను. పక్కన ఇంటి మేడం నిలబడి ఉంటే ఎవరైనా అదే అంటారు. అందుకే ఈ ఉత్తరం దావూద్ మామ చేతికిస్తున్నాను. సెలవు అయిపోయి శుక్రవారం మళ్లీ కువైట్ వస్తున్నాడు.

అమ్మా, నా వర్క్ పర్మిట్ వచ్చింది. ఐర్లాండ్‌లో ఆసుపత్రి ఉద్యోగం ఖాయమైంది. కడపలో చేస్తున్న ఎక్స్‌రే పనే అక్కడా. నా చదువు, ఇక్కడి డాక్టరు రాసిచ్చిన అనుభవం, అన్నీ నెలల తరబడి చూసి, తిప్పి తిప్పి ప్రశ్నలడిగి చివరికి సరే అన్నారు. సముద్రాల అవతల ఎవరో కూర్చుని మన వేంపల్లె పేరు చదివి ఉంటారు కదా అనుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

దావూద్ మామ చేత పంపిన ఉత్తరంలో చలి గురించి అడిగావు. మన ఎండలకు వేగినదాన్ని, కాస్త చల్లబడితే నష్టమేం లేదులే.

ఇంకోటి కూడా రాశావు. "నీ కఫీల్ ఎట్లాంటోడు? పాస్‌పోర్టు తీసుకునేటప్పుడు జిరాక్సు ఒకటి దాచిపెట్టుకోమ్మా" అని. చదివి మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. పరదేశంలో పని అంటే పాస్‌పోర్టు కఫీల్ బీరువాలోకి, అంటే యజమాని బీరువాలోకి పోవడమే అని నీ లెక్క. నేనూ అట్లాగే అనుకున్నాను. పర్మిట్‌తో వచ్చిన కాగితం చదివితే, యజమాని నా పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకోకూడదట. ఉంచుకుంటే తప్పు వాళ్లదట. అవ్వకు చదివి వినిపిస్తే ఆకు నమలడం ఆపేసింది.

"ఏమ్మే, అంత పెద్ద సర్కారు నీ పుస్తకం గురించి రాసిండాదా? ఇంకోసారి చదువు."

మళ్లీ మళ్లీ చదివించుకుంది. నాకు గర్వంగా ఉంది, నమ్మబుద్ధి కాకుండానూ ఉంది. ఇంత మర్యాద దొరికే చోటు లోకంలో ఒకటుందని తెలియకుండానే నువ్వు ఇన్నేళ్లు ఆ ఇంట్లో గిన్నెలు తోమి నన్ను చదివించావు.

ఇక దాచిపెట్టింది చెబుతాను, తిట్టుకో. నేను వచ్చే నెలలోనే చేరాల్సింది. కువైట్ నుంచి మా అమ్మ పూర్తిగా వచ్చేస్తోంది, రెండు నెలలు గడువివ్వండి అని ఆసుపత్రికి రాశాను. నిన్ను అడక్కుండానే రాశాను. సరే అన్నారు. ఇంకోసారి అడిగితే ఇవ్వరు, ఉద్యోగం పోతుంది. నువ్వు రాకుండా నేను కదలను.

ఇంటికి స్లాబు వేయాలి, ఇంకో రెండేళ్లు అంటావు. ఆ రెండేళ్లు నేను చేస్తాను. నీ యజమాని ఆ సేఠ్ తనకు తోచినప్పుడు పాస్‌పోర్టు ఇచ్చి సెలవుకు పంపాడే గానీ, నువ్వుగా ఎప్పుడూ అడగలేదు. భయమని నాకు తెలుసు. దావూద్ మామ నీ పక్కన నిలబడి అరబ్బీలో మాట్లాడతానన్నాడు. కానీ మొదటి మాట నీదే కావాలి. "నా పాస్‌పోర్టు నాకియ్యండి" అను, చాలు.

నువ్వు పోయిన ప్రతిసారీ చెన్నై విమానాశ్రయంలో అద్దాల బయట నిలబడి ఏడ్చింది నేనే. ఈసారి నేను లోపలికి పోతాను. నువ్వు బయట నిలబడు. ఏడ్చే వంతు నీది.

ఇట్లు,
నీ రాక కోసం ప్రయాణం ఆపుకున్న బిడ్డ,
ముబీనా