వెనక మెట్ల మీద ఇద్దరికి చోటు

వీధిలో అందరూ కత్తెరమ్మ అని పిలిచే నేను, వయసు అరవై ఎనిమిది, వృత్తి కుట్టుపని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివితో, స్వదస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఇది. తెలివి కుదురుగానే ఉంది, కాలే కుదురుగా లేదు. వచ్చే సోమవారం గుండెకు ఆపరేషన్ అన్నారు. అప్పటిదాకా కదలకుండా కూర్చోమన్నారు. నలభై ఏళ్లు మిషను తొక్కిన కాలు కూర్చోమంటే కూర్చుంటుందా? ఈ నాలుగు ముక్కలు రాసేలోపే రెండుసార్లు లేచి కిటికీ దాకా వెళ్లొచ్చాను.

వకీలు చేత రాయించలేదు. ఆయన ప్యాంట్లు రెండు పొట్టి చేసి ఇచ్చినందుకు ఎలా రాయాలో నోటితో చెప్పాడు, అది చాలు. దీన్ని అమలు జరిపే బాధ్యత మా కిందింటి ఇస్త్రీ తమ్ముడికి అప్పగిస్తున్నాను. బట్ట మడత చెడకుండా ఇచ్చే మనిషి మాట కూడా చెడకుండా అందిస్తాడని నమ్మకం.

1. నా కుట్టు మిషను, నాలుగు కత్తెరలు, నిలువుటద్దం నా తదనంతరం మా కోడలికి చెందవలెను. సర్వహక్కులతో అనుభవించవలెను. “నేర్పండత్తయ్యా” అని ఆరేళ్లుగా అడుగుతోంది. రేపు, ఎల్లుండి అంటూ తప్పించుకున్నాను. నాకంటే బాగా కుడుతుందేమోనని భయం, అంతే. పెద్ద కత్తెరతో కాగితం కత్తిరిస్తే మాత్రం దయ్యమై వస్తాను.

2. పింగాణీ కప్పులు రెండు మా అబ్బాయికి. జత తప్పాయని కొట్టువాడు ఓ మూలన పడేస్తే చవగ్గా తెచ్చుకున్నాను. సన్నని అంచు, పెదవికి తగిలిందో లేదో తెలియదు. పాతికేళ్లుగా రోజూ వాటిలోనే టీ తాగుతున్నాను. మావాడు ఖరీదైన సెట్టు అతిథుల కోసమని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, తను మూతి విరిగిన మగ్గులో తాగుతాడు. పైగా నన్ను పట్టుకుని “జన్మలో ఏం అనుభవించావే అమ్మా?” అంటాడు. షరతు: ఈ కప్పులు బీరువా ఎక్కితే ఈ అంశం రద్దు, కప్పులు ఇస్త్రీ తమ్ముడి బల్ల మీదికి పోవలెను.

3. ఏం అనుభవించానో కూడా వాడికే రాసిస్తున్నాను. తొమ్మిదో నంబరు బస్సు, ఎడమవైపు మూడో సీటు, ఈ కొస నుంచి ఆ కొసకి. సాయంత్రం వంతెన ఎక్కేసరికి నది మొత్తం నీ ఒళ్లో ఉంటుంది. బజారు కట్టేసే వేళకు వెళ్తే మచ్చపడ్డ పండ్లు సగానికే ఇస్తారు, తీపంతా వాటిలోనే. మంగలి కొట్టులో పది గంటల తరవాత పేపరు ఖాళీగా ఉంటుంది, ఊరికే చదువుకోవచ్చు. నాన్నా, నేను కడుపు కట్టుకుని బతకలేదు. నువ్వు పొరపాటు పడ్డావు.

4. నా ఇనుప మీటరు బద్ద గుడ్డల కొట్టు ఆసామికి. మీటరుకు వేలెడు చొప్పున ముప్పై ఏళ్లు నన్ను ముంచాడు. ఇక మీదట దీంతో కొలవవలెను.

ఇది రాశాక లేచి మంచినీళ్లు తాగాను. గురివింద గింజ తన కింద నలుపెరగదన్నట్టుంది నా వరస. కాబట్టి తరవాతి అంశం.

5. మా అక్క అల్లుడి మేనత్త ఒకావిడకు ముప్పావు మీటరు నెమలికంఠం రంగు పట్టుగుడ్డ కొని ఇవ్వవలెను. బేరం ఆడకూడదు. సంగతి ఏమనగా, తొమ్మిదేళ్ల కిందట ఆవిడ ఎవరో ఎరక్కుండానే ఆవిడ జాకెట్లు కుట్టాను. పొదుపుగా కత్తిరించేసరికి ముప్పావు మీటరు మిగిలింది. అడగనివాళ్ల ముక్క దర్జీదే, అది మా వృత్తిలో ఉన్నదే. కానీ ఆవిడ అడిగింది. మిగల్లేదన్నాను. ఆ ముక్కతో అక్క కూతురి పెళ్లి జాకెట్టుకు చేతులు కుట్టాను. విందులో ఆవిడ అదే పట్టు వేసుకొచ్చి, పెళ్లికూతురి చేయి పక్కన తన చేయి పెట్టి, “మిగల్లేదన్నావుగా కత్తెరమ్మా, మరి ఈ పిల్ల చేతులెలా వచ్చాయి?” అంది. పందిరంతా వింది. అక్క నన్ను పక్కకు లాగి, “నీ పొదుపులో నా కూతుర్ని కలిపి కుట్టేశావు కదే” అంది. ఆ మాటే ఆఖరు. మూడు స్టాపుల దూరంలో ఉంటుంది. తొమ్మిదేళ్లు. తప్పు పొదుపుది కాదు, అబద్ధానిది. అబద్ధం నాది.

6. మా అక్కకు, సంగీత పాఠశాల వెనక మెట్ల మీద నా చోటు. గురువారం సాయంత్రాలు లోపల పిల్లలు కచేరీకి సాధన చేస్తారు. టికెట్టు లేదు. తప్పు వాయించి, మాస్టారి చేత తిట్లు తిని, మళ్లీ మొదలెట్టడం కూడా వినొచ్చు. అది అసలు కచేరీలో దొరకదు. మూడో మెట్టు మీద ఇద్దరికి చోటుంది. నా తదనంతరం అక్క అక్కడ కూర్చుని

ఇక్కడ కలం ఆగింది. నా తదనంతరం అయితే అక్క ఒక్కతే కూర్చోవాలి. ఒక్కదానికి ఆ చోటు ఎంత పెద్దదో తొమ్మిదేళ్లుగా నాకు తెలుసు. చచ్చాక ఇవ్వడం ఇదేం ఇవ్వడం? నాకు భయంగా ఉంది, అక్కా. ఈవేళ గురువారం. ఆరో అంశం కొట్టేస్తున్నాను. డాక్టరు కూర్చోమన్నాడు కదా, మూడు స్టాపులు వెళ్లి అక్కను పిలుచుకుని ఆ మెట్టు మీదే కూర్చుంటాను.

సాయంత్రం, వేరే కలంతో: వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేయకూడదని వకీలు చెప్పాడు. ఆరో అంశం పోయింది కాబట్టి మా అక్కకు ఇందులో చిల్లిగవ్వ వాటా లేదు. ఇది నా మొదటి, చివరి వీలునామా. పై కొట్టివేత నేను చేసిందే.

తేదీ: ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందు, గురువారం.

(సంతకం) కత్తెరమ్మ

సాక్షులు:

1. ఇస్త్రీ తమ్ముడు (సంతకం). కప్పుల మీద నాకు ఆశ లేదు, వాటా వదులుకుంటున్నాను. ఆ షరతు వద్దన్నాను, వినలేదు.

2. అక్క (సంతకం). నా ఎదటే సంతకం పెట్టింది. నాకింకా కోపం పోలేదు. సోమవారం ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాను. ఆ పిల్లలు మూడోసారి కూడా తప్పే వాయించారు, వచ్చే గురువారానికి బాగుపడతారేమో ఇద్దరం చూడాలి.