వెన్నెల పాటలో మా ఆయన

పెద జాలారిపేట,
2-7-1996

సినీ సమాజం కార్యదర్శి నీలకంఠం గారికి,

చేపలమ్మే చిట్టమ్మ నమస్కరించి రాయించేది. రాస్తున్నది కోడలు దేవి.

మన ఒడ్డున తీసిన ఆ పాత పాటల సినిమా మొన్న ఆదివారం మీ హాల్లో చూశాను. వచ్చే నెల మొదటి ఆదివారం మళ్లీ వేస్తారట, వెన్నెల పాట మాత్రం కోసేస్తారట. మద్దిలపాలెం బస్టాపులో అంటించిన మీ కాగితం దేవి చదివి చెప్పింది. కోయడానికి వీల్లేదు. అందులో మా ఆయన ఉన్నాడు.

ఇట్లు,
చిట్టమ్మ (వేలిముద్ర)

తా.క. అత్త మాటలు ఉన్నవి ఉన్నట్టు: "నాను మర్యాదగా సెప్తన్నాను. రెండోపాలి ఇలాగ సెప్పను."


ద్వారకా నగర్,
6-7-1996

శ్రీమతి చిట్టమ్మ గారికి నమస్కారం.

ఆ చిత్రం సగం నిజం, సగం స్టూడియో. ఒడ్డున వల లాగే నిజమైన జాలర్లను అలాగే ఉంచుతున్నాం. మీవారు అక్కడే ఉండి ఉంటారు. వెన్నెల పాటలో సముద్రమంటే నీలం గుడ్డ. మొన్న హాలంతా పగలబడి నవ్వింది. అందులో హీరో, హీరోయిన్, అట్ట చందమామ తప్ప ఇంకెవరూ లేరు. పడవలో ఆమె తూలితే అతను పట్టుకుంటాడే, ఆ ఒక్క క్షణమే సహజం.

భవదీయుడు,
నీలకంఠం

తా.క. మీవారు చందమామ వేషం వేయలేదు కదా?


పెద జాలారిపేట,
10-7-1996

నీలకంఠం బాబుకు,

వల లాగినవాళ్లలో మా ఆయన లేడు. ఆ రోజు ఆయన నిజంగానే సముద్రం మీద చేపల వేటకెళ్లాడు. కెమెరా ముందు లాగింది పనిలేనివాళ్లు. ఆ వలలో ఒక్క చేపా పడలేదు, నా గంపలోవి తెచ్చి పోశారు. మీ నిజం సంగతి అదీ. మా ఆయన పాటలోనే ఉన్నాడు, నీళ్ల అడుగున.

కోపంతో,
చిట్టమ్మ

తా.క. "సందమావంట! ఆ మాట రాసినోడి మొగం ఓపాలి సూడాల." అత్త ఇంకా చాలా అంది, రాయలేదు. – దేవి


ద్వారకా నగర్,
15-7-1996

గౌరవనీయులైన చిట్టమ్మ గారికి,

ఉత్తరం చదివాను. షూటింగులో మీవారు మునిగిపోయారని తెలియక వెటకారమాడాను. క్షమించండి. ప్రదర్శనకు ముందు రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. ఇంత ఘోరం జరిగిన పాటను చూపించడం ఇక అసలే బాగుండదు.

సంతాపంతో,
నీలకంఠం

తా.క. ఫొటో పంపితే దండ వేయిస్తాం. పేరు కూడా తెలపగలరు.


పెద జాలారిపేట,
20-7-1996

నీలకంఠం బాబుకు,

పేరు అత్త నోట రాదు, నేను రాస్తున్నాను: అప్పలరాజు. మామ మునగలేదు. పోయిన ఏడాది జ్వరమొచ్చి మంచం మీదే పోయాడు. ఇక అత్త చెబుతున్నది.

హీరోకి తెడ్డు వేయడం నేర్పమని మా ఆయన్ని మద్రాసు తీసుకెళ్లారు. నేర్పాక, ఆ నీలం గుడ్డ కింద పడుకోబెట్టి అలలు లేపమన్నారు. మెల్లగా ఊపమంటే ఆయన వింటాడా? మూడో అలకి గుడ్డతోపాటు పడవనీ భుజంతో ఎత్తేశాడు. ఆ పిల్ల నిజంగానే తూలింది, హీరో నిజంగానే హడలిపోయి పట్టుకున్నాడు. మీరు సహజం అన్నది మా ఆయన్నే బాబూ. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. నాకు మిగిలింది ఆ అలే. దాన్ని కోస్తే ఊరుకోను.

సినిమా వేసే ఆదివారం పేటంతా వస్తున్నాం.

అప్పలరాజు పెళ్లాం,
చిట్టమ్మ

తా.క. "మవునం గివునం వద్దు. గుడ్డని సూసి నవ్వుకుంటే నవ్వుకోండి. మూడో అల లెగిసినప్పుడు మాత్రం ఈల ఎయ్యాల. మొదటి ఈల నాదే."