కోడలి కాలికి అందిన బ్రేకు

తమ్ముడికి అక్క రాసేది. మేం బాగానే ఉన్నాం, మా గురించి బెంగపడకు.

నువ్వు చెప్పిన పెద్ద షోరూములో కారు సర్వీసుకి ఇవ్వలేదు, కోపం తెచ్చుకోకు. అక్కడతను కోడలి మొహమన్నా చూడకుండా "సార్‌ని పంపండి మేడమ్" అన్నాడు. అది తాళం తీసుకుని వచ్చేసింది. ఇంకో షోరూముకి పోయాం. అక్కడ ముసలి మెకానిక్ కారు ఎక్కబోయి, సీటుకి ఆనించిన రెండు దిండ్లు చూసి ఆగాడు. పోయిన నా కొడుకు పొడుగు కదా. వాడు పెట్టుకున్న చోటు నుంచి సీటు జరపలేక, ఇన్నాళ్లూ దిండ్లు వేసుకుని నడిపింది ఈ పిచ్చిది. నాకూ జరపమనడానికి నోరు రాలేదు. ఆయనకి అర్థమైనట్టుంది. "కాలు బ్రేకుకి అందాలమ్మా. నేను ముట్టుకోను, మీరే జరపండి" అన్నాడు. కోడలి చెయ్యి లేవలేదు. నేనే వంగి సీటు ముందుకి లాగాను తమ్ముడూ. ఇకమీదట సర్వీసు అక్కడే.

కారు రెండో తాళం నీ దగ్గరుంది, పంపు. మరదలి మోకాలు నొప్పి తగ్గిందా? నువ్వొచ్చి కారు తీస్తే, దిగేటప్పుడు సీటు మళ్లీ కోడలికి అందేలా జరిపి దిగు. నీ పిల్లలు చల్లగా ఉండాలి.

అక్క