రాజవ్వకు కళ్లొచ్చిన ఆదివారం

హుస్సేనీ ఆలం,
హైదరాబాద్.
ఆదివారం మధ్యాహ్నం.

లక్ష్మక్కకు, బావకు సత్తయ్య నమస్కరించి రాసుకునేది. నేను ఇక్కడ కులాసా. బావ మోకాలి నొప్పి ఎలా ఉంది? పిల్లలు బడికి వెళుతున్నారా, లేక నాలాగే బడి దాకా వెళ్లి వెనక్కి వస్తున్నారా? నా గురించి ఫికర్ పెట్టుకోవద్దు. తింటున్నాను, పడుకుంటున్నాను, కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో డ్యూటీ ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు. పని కొలిమి దగ్గర కాబట్టి ఎండాకాలం వచ్చిందని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. హోటల్ దాల్ తిని తిని నాలుక మొద్దుబారింది. ఇటు ఎవరైనా వస్తుంటే ఒక సీసా మామిడికాయ తొక్కు పంపు.

గది దొరికిందని పోయిన ఉత్తరంలో రాశాను గాని, ఎలా దొరికిందో రాయలేదు. రాస్తే తిడతావని భయం. "నీ నోరే నిన్ను ముంచుతది" అని చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నావు. ఇవాళ పొద్దున దాదాపు ముంచింది.

ఈ ఇల్లు రాజవ్వ అనే ముసలమ్మది. ఆమె కొడుకు విఠలయ్యకు ఆఫీసు నౌకరి. పెళ్లికాని వాళ్లకు గది ఇవ్వకూడదని విఠలయ్య పట్టు. నేను అడగడానికి వచ్చింది ఒక ఆదివారం పొద్దున. వాకిట్లో చెప్పుల కుప్ప, లోపల టీవీ ముందు గల్లీ పిల్లలందరూ. ఆ వేళకు ఒక కార్యక్రమం వస్తుంది అక్కా. సినిమా యాక్టర్ ఎవరో ఒకరు వచ్చి నాలుగు మాటలు మాట్లాడి, పాత బొమ్మల సినిమాల్లోంచి ముక్కలు ముక్కలుగా చూపిస్తారు. పిల్లి ఎలుకను తరుముతుంది, సరిగ్గా దొరికే వేళకు ముక్క అయిపోతుంది, యాక్టర్ మళ్లీ వచ్చి నవ్వుతాడు. పిల్లలు పడి పడి నవ్వుతున్నారు. రాజవ్వకు రెండు కళ్లల్లోనూ పొర, ఏమీ కనబడదు. "ఏమైందిరా, ఏందట్ల నవ్వుతుండ్రు?" అని అడుగుతుంటే ఒక్కడూ చెప్పడం లేదు.

నేను పక్కన కూర్చుని చెప్పాను. చెప్పడమంటే నా సంగతి నీకు తెలుసు. పిల్లి ఎందుకు తరుముతోందని అడిగింది. ఎలుక బెల్లం దొంగిలించిందన్నాను. దొరికిందా అని అడిగింది. తెర మీద ముక్క అయిపోయింది గాని నేను ఆపలేదు. ఎలుక గడ్డివాములో దాక్కుందని, పిల్లి చీపురు పట్టుకుని సాయంత్రం దాకా వాము చుట్టూ తిరిగి, చివరికి తనే భయపడి ఏడ్చి, అన్నం కలిపి పిలిచిందని చెప్పాను. రాజవ్వ చాలాసేపు నవ్వింది. తర్వాత కొడుకును పిలిచి, "గీ పిలగానికి గది ఇయ్యి" అంది.

అప్పటి నుంచి ఆదివారం నాకు ఇదే డ్యూటీ. వారానికో కొత్త యాక్టర్ వస్తాడు. పేర్లు నాకూ తెలియవు, హిందీ సగమే అర్థమవుతుంది. అందుకని అందరినీ కలిపి ఒక్క మనిషిని చేశాను. "అవ్వా, నీకు నమస్తే పెడ్తుండు" అంటే ఆమె తిరిగి దండం పెట్టేది. గొంతు మారితే జలుబు చేసిందన్నాను. ఒకసారి హీరోయిన్ వస్తే ఆయన భార్య అన్నాను. మరుసటి వారం ఇంకో ఆమె వచ్చింది, మరదలన్నాను. వాళ్లింట్లో ఏదో లొల్లి నడుస్తోందని రాజవ్వ వారమంతా బెంగపడింది.

ఇంతలో విఠలయ్య ఆమెకు కళ్ల ఆపరేషన్ చేయించాడు. నేనూ సంతోషించాను, ఒక్క పూట. ఆ తర్వాత నేను చెప్పినవన్నీ గుర్తొచ్చాయి. మందపాటి అద్దాలు నిన్ననే వచ్చాయి. విఠలయ్య ఇప్పటికీ నన్ను తేలును చూసినట్టు చూస్తాడు, ముసలమ్మ మాట మీదే గది నిలిచి ఉంది. అది పోతే మళ్లీ ఏడుగురు గురకపెట్టే పాత గదికే పోవాలి. నిన్నంతా పెట్టె సర్దుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఇవాళ రాజవ్వ అద్దాలు పెట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. తెర మీదికి ఒక బట్టతలాయన వచ్చాడు. ఆమె దండం పెట్టింది. ఆయన పెట్టలేదు.

"సత్తయ్యా, పోయిన వారమే గదరా తల దువ్వుకుంటుండు అన్నవు?"

నేను తెర వైపు తిరిగాను. అంతలో పిల్లి వచ్చి ఎలుకను తరిమి, సుత్తితో తన కాలి మీదే కొట్టుకుంది. ముక్క అయిపోయింది.

"గంతేనా?"

"గంతే అవ్వా."

"మరి బెల్లం ఏది? పిల్లి పెండ్లయి అత్తగారింటికి పోతుంటే ఎలుక బస్సెంట ఉరికింది అన్నవు గద?"

విఠలయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఇక దాచి లాభం లేదనిపించింది. "అబద్ధం చెప్పిన అవ్వా. వారానికొకడు వస్తడు. నీకెవ్వరు నమస్తే పెట్టలే. ఆ కథలు టీవీల వచ్చినయి కావు."

"మరి ఏడికెల్లి వచ్చినయిరా?"

"మా ఊరికెల్లి. ఎలుక నేను. పిల్లి మా లక్ష్మక్క."

ఆ మాట అనేసరికి నాకు ఏడుపొచ్చింది అక్కా. నువ్వు గుర్తొస్తే డ్యూటీ చేయలేనని, ఇన్ని నెలలుగా నీ పేరు ఎవరి ముందూ ఎత్తలేదు. పిల్లలు కూడా టీవీ వదిలి నన్నే చూశారు.

రాజవ్వ అద్దాలు తీసి, కొంగుతో తుడిచి ఒళ్లో పెట్టుకుంది. తర్వాత కళ్లు మూసుకుంది.

"విఠలూ, ఆ టీవీ ఆవాజ్ తగ్గియ్యి. పిలగాని మాట ఇనొస్తలేదు. ఊ, బస్సెంట ఉరికినంక ఏమైంది?"

విఠలయ్య తగ్గించాడు. నేను చెప్పాను. నువ్వు ఏడుస్తూ బస్సు కిటికీలోంచి నా మీదికి బెల్లం పొట్లం విసిరావు కదా, ఉన్నదున్నట్టు అదే చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

గది పోలేదు. పెట్టె మంచం కిందే ఉంది. మీ అత్తయ్యకు, మామయ్యకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. మీ దీవెన ఉంటే నాకు ఏ లోటూ లేదు. రాజవ్వ నీకొక మాట రాయమంది, ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను: "నాకు కండ్లొచ్చినయి బిడ్డా. ఒక్కపారి వచ్చి కనబడు." బావను అడిగి రా అక్కా. చీపురు మాత్రం అక్కడే వదిలి రా.

నీ ఎలుక,
సత్తయ్య