నిచ్చెన దిగని సున్నా

తాడేపల్లిగూడెం,
27 అక్టోబరు 2025

ప్రియమైన తమ్ముడు జానీకి,

చేతినిండా రంగు పెట్టుకుని నువ్వు ఫోన్ ఎత్తవు కనుక ఈ ఉత్తరం. గణపవరం అవతల నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న బడికి డెబ్బై అయిదేళ్లు నిండాయి. బాలల దినోత్సవం నాడే పండుగ. గేటు మీదికి రేకు ఆర్చి నీ చేతి అక్షరాలతోనే కావాలి.

బడి ఎప్పుడు పెట్టారో తేల్చడానికి నానా తంటాలు పడ్డాను. పాత రిజిస్టర్లు కొల్లేరు పొంగిన ఏడాది నానిపోయాయి. ఏఐని అడిగితే 1946 అని, ఎవరో జమీందారు రిబ్బను కత్తిరించాడని కళ్లకు కట్టినట్టు చెప్పింది. మర్నాడు అడిగితే 1962 అంది. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో ఆ ఊరి పేజీ తెరిస్తే ఒక్కటే ముక్క: 1950. దాన్నే ఖాయం చేశాను.

ఒక్కటే బాధ. దీపం వెలిగించడానికి మంగాయమ్మ గారిని పిలిచాం. బడి తెరిచిన రోజు రిజిస్టరులో మొదటి పేరు తనదేనని ఆవిడ ఊరంతా చెప్పుకుంటారు. కానీ ఆవిడ పుట్టిందే 1953లో. మా హేమంత్‌కుమార్ మాస్టారు అందరి ముందూ ఆ లెక్క వేసి నవ్వారు. పండక్కి రానని ఆవిడ కబురు పెట్టారు.

నీ అక్క,
శకుంతల

ఏలూరు,
31 అక్టోబరు

ప్రియమైన అక్కకు,

ఆర్చి సగమైంది. మీ జమీందారు కథ విని మా అమ్మాయి నిలోఫర్ ఒకటే నవ్వు. విజ్ఞాన సర్వస్వంలో వాక్యం చివర చిన్న అంకె ఉంటుందట, నొక్కితే ఆ మాట ఎక్కడి నుంచి తెచ్చారో తెలుస్తుందట. పిల్లలకి "ఎవరు చెప్పారు?" అని అడగడం నేర్పే మీరు అది నొక్కారా? నొక్కి రాయండి. అందాకా ఆర్చి మీద ఏడాది వేయను.

మీ తమ్ముడు,
జానీ

తాడేపల్లిగూడెం,
4 నవంబరు

ప్రియమైన దొంగకు,

నొక్కాను. నేను ఈ బడికి రాకముందే తీసేసిన పాత బోర్డు ఫొటో వచ్చింది. "స్థాపితం 1950" అని చక్కటి అక్షరాలు. కింద మూల "జానీ ఆర్ట్స్, ఏలూరు". ఇంతకీ నీకెవరు చెప్పారు?

జవాబు కోసం కాచుకున్న
అక్క

ఏలూరు,
7 నవంబరు

ప్రియమైన అక్కకు,

మీ ఉత్తరం చదివి కుంచె కింద పెట్టేశాను. ఇరవై ఏళ్ల కిందట ఆ బోర్డుకి మళ్లీ రంగు వేసింది నేనే. చివరి అంకెని తుప్పు తినేసింది, పైనొక ఒంపు, కిందొక ఒంపు మిగిలాయి. ఎవరినైనా అడగాల్సింది. నిచ్చెన దిగడానికి బద్ధకించి సున్నా చుట్టేశాను. అది ఎనిమిదే అయితే మంగాయమ్మ గారి మాట నిజం. నాకు చాలా సిగ్గుగా ఉంది.

తప్పు చేసిన తమ్ముడు,
జానీ

తాడేపల్లిగూడెం,
11 నవంబరు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం పట్టుకుని హేమంత్‌కుమార్ గారూ నేనూ మంగాయమ్మ గారింటికి వెళ్లాం. మాస్టారు తల వంచుకుని క్షమించమన్నారు. ఆవిడ నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుని, "ఆ రోజు నిచ్చెన కిందే నిలబడి ఎనిమిది బాబూ అని చెప్పానండీ. రంగు ఆరిపోయిందమ్మా అన్నాడు" అన్నారు.

నాకూ సిగ్గేసింది. ఊరూ పేరూ లేనివాళ్లనల్లా అడిగాను గానీ, బడికి నాలుగిళ్ల అవతలున్న మనిషి మాట చెవిన పెట్టలేదు. అయినా ఆ పేజీకి దండం పెట్టాలి. తప్పు చెప్పినా ఎవరి దగ్గర విన్నదో దాచలేదు, కనుకనే నువ్వు దొరికావు. ఏఐకి 1958 అని చెబితే వెంటనే ఒప్పేసుకుంది. 1970 అన్నా ఒప్పుకునేలా ఉంది.

బాలల దినోత్సవం మామూలుగానే జరుగుతుంది, దీపం ఆవిడే వెలిగిస్తారు. డెబ్బై అయిదేళ్ల ఆర్చి ఏం చేయమంటారని అడిగాను.

"దాచమనండి. ఎనిమిదేళ్లేగా, నేనొస్తాను. అంకె వేసేటప్పుడు మాత్రం నన్ను పిలవమనండి" అన్నారు.

ప్రేమతో,
నీ అక్క శకుంతల